పిల్లవాడి ఆటకు పెద్ద ఫోను బిల్లు వస్తే ఏం చేయాలి

ప్రతి నెలా 530 రూపాయలు వచ్చే పోస్ట్‌పెయిడ్ బిల్లు ఒక్కసారిగా 6,512 వస్తే ఇంట్లో ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను. నర్సంపేటలో మా బావకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. జూన్ మొదటి వారం, పత్తి విత్తనాల కోసం రైతులు బారులు తీరే రోజులు. ఆ రద్దీలో బిల్లు మెసేజ్ చూసుకున్న మా బావ మధ్యాహ్నం ఇంటికి వచ్చి, పదేళ్ల కొడుకు వీపు మీద రెండు దెబ్బలు వేశాడు. మా అక్క ఫోను చేస్తే నేను హనుమకొండలో బస్సెక్కి వెళ్లేసరికి సాయంత్రమైంది. అప్పటికే పిల్లవాడు భయంతో ఫోనులో ఆ ఆటను తీసేశాడు, దానికి సంబంధించిన మెసేజ్‌లు కనిపించినన్ని చెరిపేశాడు. మాకు డబ్బు తెచ్చిపెట్టే ఆధారాలు అవే.

అందుకే ఈ పనిలో మొదటి మెట్టు పిల్లవాడి మీద చేయి చేసుకోకపోవడం. కొట్టడం తప్పన్నది ఒక సంగతి. ఏ రోజు, ఏ వేళ, ఏ బటన్ నొక్కాడో తెలిసిన సాక్షి ఇంట్లో వాడొక్కడే అన్నది ఇంకో సంగతి. బెదిరిపోయిన సాక్షి నోరు విప్పడు. ఫోను మీ చేతిలోకి తీసుకోండి. ఆటను తీసేయకండి, మెసేజ్‌లు, ఈమెయిళ్లు ఏవీ చెరపకండి, ఫోనును రీసెట్ చేయకండి. బిల్లు పేజీలను, డబ్బు కోసినట్టు వచ్చిన మెసేజ్‌లను స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు పంపి ఉంచండి.

ముందు గండి పూడ్చండి

చేతికి వచ్చిన బిల్లు అయిపోయిన నెలది. ఈ నెలలో జరుగుతున్నది అందులో ఉండదు. చాలామంది పాత బిల్లు మీదే తగవు పెట్టుకుని కూర్చుంటారు, ఈలోగా కొత్తది పెరుగుతూ ఉంటుంది. మీ కంపెనీ యాప్‌లో ఇంకా బిల్లు కాని మొత్తం ఎంతో చూపే చోటు ఉంటుంది, ముందు అక్కడికి వెళ్లండి. మా బావ ఖాతాలో అక్కడ 399 రూపాయల చొప్పున రెండు కొనుగోళ్లు కనిపించాయి. రెండూ జూన్ 2 మధ్యాహ్నం, రాష్ట్ర అవతరణ దినం సెలవు నాడు జరిగినవి. మేము చూసింది 3వ తేదీ రాత్రి. ఒక్క రోజు తేడాతో పట్టుకున్నాం కాబట్టి ఆ రెండూ తేలికగానే వెనక్కి వచ్చాయి. అది ఎలాగో కింద చెబుతాను.

ఆ రాత్రే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోను అయితే ప్లే స్టోర్ తెరిచి, పై మూలన ఉన్న మీ బొమ్మను నొక్కితే చెల్లింపులు, చందాల (సబ్‌స్క్రిప్షన్ల) భాగం వస్తుంది. అందులో డబ్బు కట్టే పద్ధతుల్లో మొబైల్ బిల్లు అని ఉంటే తీసేయండి. చాలా ఇళ్లలో అసలు దొంగదారి ఇదే. ఏటీఎం కార్డు లేదు, యూపీఐ పిన్ లేదు, ఏ వివరమూ ఇవ్వలేదు, అయినా కొనుగోలు మొత్తం నేరుగా ఫోను బిల్లులో కలిసిపోతుంది. ఆ పక్కనే చందాల జాబితా ఉంటుంది. అక్కడ నడుస్తున్న వాటిని ఒక్కొక్కటిగా రద్దు చేయండి. ఆట యాప్‌ను ఫోనులోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు, అది వారం వారం డబ్బు కోస్తూనే ఉంటుంది.

ఫోను కంపెనీ ద్వారానే నడిచే పాటలు, జోకులు, జాతకాలు, ఆటల పోటీల లాంటి అదనపు సేవలను ఆపడానికి 155223 అని వేరే నంబరు ఉంది. ఉచితం, ఏ కంపెనీ సిమ్ అయినా పని చేస్తుంది. మొబైల్ డేటానే కొన్ని రోజులు పూర్తిగా ఆపాలనుకుంటే 1925కు ఆంగ్ల అక్షరాల్లో స్టాప్ అని మెసేజ్ పంపవచ్చు. యూపీఐ పిన్ పిల్లవాడికి తెలుసనే అనుమానం ఉంటే మార్చేయండి, యూపీఐ యాప్‌లో, తనంతట తానే డబ్బు కోసే ఆటోపే భాగంలోకి వెళ్లి మీరు ఎరగనివన్నీ రద్దు చేయండి.

బిల్లును వరుస వరుసా చదవండి

మొదటి పేజీలోని మొత్తం చూసి గుండె గుభేలుమంటుంది కానీ ఆ అంకె మనకు ఏమీ చెప్పదు. కావలసింది వివరాల పేజీలు. పోస్ట్‌పెయిడ్ వారికి కంపెనీ యాప్‌లోనో ఈమెయిల్‌లోనో అవి దొరుకుతాయి. ప్రీపెయిడ్ వారు కూడా, మాటిమాటికీ బ్యాలెన్స్ మాయమవుతుంటే, గత ఆరు నెలల్లోని వాడకం వివరాలు రాతపూర్వకంగా అడగవచ్చు. దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు.

నెలవారీ ప్లాన్ ధర, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఈ రెండూ మీకు తెలిసినవే. మా బావది 449 రూపాయల ప్లాన్, పన్నుతో 530. పాత బాకీ, ఆలస్య రుసుము ఏమైనా ఉంటే అవీ పక్కన పెట్టండి. మిగిలిన వరుసలే పిల్లవాడి ఖాతా.

భోజనాలయ్యాక మా అక్క ఇంటి వరండాలో నేల మీద బిల్లు కాగితాలు పరుచుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం. 399 రూపాయలవి పద్నాలుగు వరుసలు. నాలుగు వేర్వేరు తేదీలు, కానీ అన్నీ మధ్యాహ్నం రెండుకూ నాలుగుకూ మధ్యనే. 2:41, 2:44, 2:52. మే నెల ఎండల్లో మా బావ ఆ వేళకు షట్టరు సగం దించి ఇంటికి వచ్చి, తిని, ఫోను కొడుకు చేతిలో పెట్టి కునుకు తీస్తాడు. ఆ సంగతి బిల్లు చూసే వరకు ఆయనకే తట్టలేదు. పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే తలవంచుకుని ఒక మాటన్నాడు: “నేను డబ్బులిచ్చి కొనలేదు మామయ్యా. వజ్రాలు కావాలా అని అడిగింది. అవును అని నొక్కాను. డబ్బులు ఎక్కడా అడగలేదు.”

వాడు చెప్పింది నిజం. కొనుగోలుకు ముందు పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు ఆ ఫోనులో లేదు. డబ్బు మాట రాకుండానే డబ్బు పోయింది. ఆ పద్నాలుగూ కలిపి 5,586 రూపాయలు. మిగతా 396 నాలుగు వారాల పాటు వారానికి 99 చొప్పున కోసిన ఏదో సేవ, దాని పేరు పిల్లవాడికీ తెలియదు.

మీ ఇంట్లో కారణం వేరే కావచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు తండ్రులు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. యాప్‌లో వీడియో కాల్ చేయడం అలవాటైన పిల్లలు, నెట్ అందనప్పుడు అదే పేరు మీద మామూలు కాల్ బటన్ నొక్కుతారు. నంబరు ముందు 971 ఉంటే యూఏఈ, 968 ఉంటే ఒమన్. పోస్ట్‌పెయిడ్‌లో విదేశీ కాల్స్ తెరిచి ఉంటే ప్రతి నిమిషానికీ బిల్లు పెరుగుతుంది. ఆ వరుసలు కనిపిస్తే పిల్లలను ఒక్క మాట కూడా అనకండి. నాన్నతో మాట్లాడాలనుకోవడం తప్పు కాదు. ఎరగని దేశపు నంబర్ల నుంచి మిస్డ్ కాల్ వస్తే తిరిగి చేయడం వల్ల పడే బిల్లు ఇంకో రకం. ఈ రెండింటికీ మీ ఫోను కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోను చేసి విదేశీ కాల్స్ సదుపాయాన్ని మూయించడమే మందు. మాట్లాడిన కాల్స్ డబ్బు తిరిగి ఇవ్వాలనే నియమం లేదు కానీ, మొదటిసారి అని చెప్పి కొంత తగ్గించమని అడగడంలో తప్పు లేదు, అడగండి.

డబ్బు ఎవరి దగ్గర ఉందో వారినే అడగాలి

అందరూ ఫోను కంపెనీ మీదే పడతారు. ఆటలో కొన్నవాటి విషయంలో ఫోను కంపెనీ వసూలు చేసి పెట్టేది మాత్రమే. తిరిగి ఇవ్వాలా వద్దా అని తేల్చేది యాప్ స్టోర్, లేదా ఆట తయారుచేసిన సంస్థ. కాబట్టి మొదటి అర్జీ అక్కడికే వెళ్లాలి.

ప్లే స్టోర్‌లో కొన్నదానికి 48 గంటల లోపు అయితే అక్కడే కొనుగోళ్ల చరిత్రలోకి వెళ్లి డబ్బు వాపసు అడగవచ్చు. ఆ గడువు దాటితే ఆట తయారీదారుకు రాయమంటారు, అయినా స్టోర్‌లో కూడా ఒకసారి అడిగి చూడండి. ప్రతి కొనుగోలుకూ జీపీఏ అన్న ఆంగ్ల అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది, రసీదు ఈమెయిల్‌లో దొరుకుతుంది. ఒక్కో నంబరుకు ఒక్కో అర్జీ పెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ పద్నాలుగింటికీ పద్నాలుగు పెట్టాం. ఐఫోను అయితే ఆపిల్ వారి ఫిర్యాదు పేజీలో ఇలాగే ప్రతి కొనుగోలుకూ వాపసు అడిగే వీలుంది.

కారణం అడిగిన చోట నిజమే రాయండి: అనుమతి లేకుండా ఇంట్లో పిల్లవాడు కొన్నాడు, వయసు పదేళ్లు. ఎవరో తెలియని వారు కొన్నారని రాస్తే వాపసు తొందరగా వస్తుందని కొందరు సలహా ఇస్తారు. వినకండి. అదే ఫోను, అదే ఇల్లు, అదే ఖాతా అని వారి దగ్గర రికార్డు ఉంటుంది, ఆ ఒక్క అబద్ధంతో మిగతా అర్జీలన్నీ చెడతాయి.

ఫోను కంపెనీ నడిపే అదనపు సేవల సంగతి మాత్రం వేరు. ఇక్కడ మీ పక్షాన గట్టి నియమం ఉంది. ఫోను కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2013లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఏ అదనపు సేవ మొదలుపెట్టాలన్నా వినియోగదారు రెండుసార్లు విడివిడిగా ఒప్పుకోవాలి. మొదలైన 24 గంటల లోపు వద్దంటే కోసిన డబ్బు తిరిగి ఇవ్వాలి. కాబట్టి “నేను ఈ సేవ కోరలేదు” అని ఊరుకోకండి. “రెండుసార్లు నేను ఒప్పుకున్న రికార్డు తేదీ, సమయంతో చూపించండి” అని అడగండి. మా 396 రూపాయలు ఈ ఒక్క ప్రశ్నతో వచ్చాయి. కంపెనీ ఆ రికార్డు చూపలేదు, తరువాతి బిల్లులో మొత్తం తగ్గించింది.

డబ్బు యూపీఐ ద్వారా పోయి ఉంటే బ్యాంకుకు చెప్పండి. పిన్ కొట్టింది మన పిల్లవాడే అయితే బ్యాంకు చేయగలిగింది తక్కువ, ఆ డబ్బు కూడా ఆట సంస్థనే అడగాలి. ఆట పేరుతో ఎవరో మోసగాడు పిల్లవాడి చేత పంపించుకున్నాడని తెలిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. పెద్ద పిల్లలున్న ఇళ్లలో డబ్బు రమ్మీ లాంటి పందెపు ఆటలకు పోయిందేమో కూడా చూసుకోండి. ఆన్‌లైన్ పందాలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

ఫిర్యాదు నంబరు లేనిదే ఫోను పెట్టేయకండి

198కి ఫోను చేసి బిల్లు మీద ఫిర్యాదు అని స్పష్టంగా చెప్పండి. ఊరికే వివరం అడిగినట్టు మాట్లాడితే వివరం చెప్పి పంపేస్తారు. ఫిర్యాదుగా నమోదైతే డాకెట్ నంబరు ఇవ్వాలి. అది రాసుకోండి, తేదీ, వేళ రాసుకోండి. ఫోను కంపెనీ దుకాణానికి వెళ్లి అక్కడి కుర్రవాళ్లతో వాదించడం వల్ల ఒరిగేదేమీ లేదు, వారి చేతిలో ఏమీ ఉండదు.

ఫోనులో చెప్పిందే ఈమెయిల్‌లో కూడా పంపండి. తెలుగులో రాసినా తప్పు లేదు. మేము రాసింది దాదాపు ఇలా ఉంది:

“నా పోస్ట్‌పెయిడ్ నంబరు మీద మే నెలకు 6,512 రూపాయల బిల్లు వచ్చింది. నా ప్లాన్ ప్రకారం రావలసింది 530. మిగిలిన 5,982 మీద నాకు అభ్యంతరం ఉంది. ఇందులో 5,586 రూపాయల కొనుగోళ్లు నాకు తెలియకుండా పదేళ్ల నా కొడుకు చేసినవి. వాటి ఆర్డర్ నంబర్లు, తేదీలు జతచేశాను. 396 రూపాయల సేవను నేను కోరలేదు. దానికి నా రెండు అంగీకారాల రికార్డు చూపగలరు. అభ్యంతరం లేని 530 రూపాయలు ఈ రోజే చెల్లిస్తున్నాను. మిగతా మొత్తం తేలే వరకు నా నంబరును ఆపవద్దని, ఆలస్య రుసుము వేయవద్దని కోరుతున్నాను.”

పద్దెనిమిదేళ్లు నిండనివారు ఒప్పందం చేసుకోవడానికి అర్హులు కారని 1872 నాటి ఒప్పందాల చట్టంలో 11వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట కూడా ఒక వాక్యంగా చేర్చవచ్చు. కానీ ఖాతా మీ పేరున ఉంది, ఫోను మీరే ఇచ్చారు అని వారు అంటారు. కాబట్టి దాని మీదే మొత్తం భారం వేయకండి.

గడువు తేదీ విషయంలో పంతానికి పోవద్దు. “అసలు కట్టను, ఏం చేస్తారో చూస్తాను” అని మా బావ కూడా అన్నాడు. నంబరు ఆగిపోతే బ్యాంకు ఓటీపీలు ఆగుతాయి, ఆధార్ పనులు ఆగుతాయి, రైతుల ఫోన్లు ఆగుతాయి. వేరే కంపెనీకి మారిపోదామన్నా పాత బాకీ తీరే వరకు నంబరు పోర్ట్ కాదు. ఒప్పుకున్న మొత్తం గడువులోపే కట్టండి, రసీదు దాచండి. కంపెనీ పాక్షిక చెల్లింపుకు ససేమిరా అంటే, అభ్యంతరం ఉంచుకుని కడుతున్నానని ముందే ఈమెయిల్ పంపి మొత్తం కట్టేయండి. కట్టినంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదు.

బిల్లు ఫిర్యాదును నాలుగు వారాల్లో, ఎంత ఆలస్యమైనా ఆరు వారాల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లవచ్చు. రుసుము లేదు, 39 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చాలామంది ఈ మెట్టు ఎరగక నేరుగా ట్రాయ్‌కి రాస్తారు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను విచారించదు. అప్పీలు తరువాత కేంద్ర టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం ఉంది, వినియోగదారుల జాతీయ సహాయ నంబరు 1915 ఉంది.

ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం తగాదాలు అక్కడ చెల్లవని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. చెల్లుతాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉందని అక్కడికి పరుగెత్తనక్కరలేదు. ఇలాంటి చిన్న మొత్తాలకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. ఆరు వేల కోసం కమిషన్ దాకా వెళ్లాలా అంటే, నా మట్టుకు నేను అదనపు సేవల విషయంలో వెళ్లమంటాను. ఒక్కరి దగ్గర 99 చొప్పున ఎంతమంది దగ్గర కోస్తున్నారో ఆలోచించండి. ఆటలో కొన్నవాటి కోసమైతే అప్పీలు దగ్గర ఆగడం మేలు.

మాకు చివరికి వచ్చిందెంతో కూడా చెప్పాలి. జూన్ 2 నాటి రెండూ 48 గంటల లోపే అడిగాం కాబట్టి పూర్తిగా వచ్చాయి. మే నెల పద్నాలుగింటిలో తొమ్మిది వాపసు వచ్చాయి, అయిదు రాలేదు. అంటే 1,995 రూపాయలు మా బావ కట్టుకున్నాడు. చెరిపేసిన మెసేజ్‌లు ఉండి ఉంటే ఆ అయిదింట్లో కూడా కొన్ని వచ్చేవని నా నమ్మకం.

పిల్లవాడికి డబ్బు కనిపించాలి

ఆటలో వజ్రాలు, నాణేలు, పెట్టెలు మాత్రమే కనిపిస్తాయి. వాటి వెనుక రూపాయలు ఉన్నాయని పదేళ్ల పిల్లవాడికి ఊరికే చెబితే తలూపుతాడు, అంతే. వాడికి తెలిసిన వస్తువుతో కొలిచి చూపాలి. మరునాడు పొద్దున మా మేనల్లుడిని దుకాణం వెనుక గోదాములోకి తీసుకెళ్లాను. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు, అది వాడికి నోటికి వచ్చు. 399 అంటే ఒకటిన్నర బస్తా. “పద్నాలుగు సార్లు నొక్కావు కదా, ఎన్ని బస్తాలో లెక్క వేయి” అన్నాను. వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. గోడ వారగా పేర్చిన బస్తాల మీద చేయి వేస్తూ ఒకటి, రెండు అని ఇరవై ఒకటి దాకా నడిచాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఆ వరుస చూశాడు. ఏడవలేదు, మాట్లాడలేదు. మా బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. లోపలికి వచ్చి వాడి తల నిమిరాడు. మీది కిరాణా అయితే బియ్యం సంచులు, ఆటో నడిపితే పెట్రోలు, బీడీలు చుడితే వేల లెక్క. మీ ఇంటి పనిలోనే ఆ కొలత ఉంటుంది.

మళ్లీ జరగకుండా

ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగే ఏర్పాటు ఉంది. అరగంటకోసారి కాదు, ప్రతిసారీ అడిగేలా పెట్టండి. వేలిముద్ర కన్నా పాస్‌వర్డ్ మంచిది. నిద్రపోతున్న వారి వేలితో కూడా ఫోను తెరుచుకుంటుంది, పిల్లలకు ఆ కిటుకు తెలుసు. పిల్లవాడికి విడిగా ఫోను ఇస్తే గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో మీ అనుమతి లేనిదే ఏదీ కొనకుండా చేయవచ్చు. అందులో ప్రీపెయిడ్ సిమ్ వేయండి, పోయినా వేసిన బ్యాలెన్స్ వరకే పోతుంది. మీ పోస్ట్‌పెయిడ్‌కు కంపెనీ పెట్టిన క్రెడిట్ పరిమితి ఎంతో అడిగి తెలుసుకుని, మీ మామూలు బిల్లుకు కాస్త పైన ఉండేలా తగ్గించమని 198లో చెప్పండి. మా బావకు అసలు అలాంటి పరిమితి ఒకటి ఉంటుందనే తెలియదు.

ఫోను మార్చినా, రీసెట్ చేసినా, కొత్త ఖాతా తెరిచినా ఈ ఏర్పాట్లన్నీ ఒకసారి మళ్లీ చూసుకోవాలి. కొత్త ఫోను కొన్న రోజున, అది పిల్లల చేతికి వెళ్లకముందే ఆ పని ముగించండి.